పెండ్లికి ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడేముందు: ఇన్నేండ్లు మన ఫొటో ఎవరు తీయించిండ్రు?

పోస్టు పెద్దగైంది. రాత్రి మెస్‌లో అన్నం తిన్నాక తీరిగ్గ చదవండి.

వచ్చే నెల మా అక్క పెండ్లి. మేము ఉండేది చెంగిచెర్లలో. మాది అసలు దేవరకొండ దిక్కు తండా. నాకు మూడేండ్లున్నప్పుడు బాపు సెంట్రింగ్ పనికి ఇటు వచ్చిండు, అప్పటిసంది ఇక్కడే ఉంటున్నం. నేను ఉప్పల్ దిక్కు హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కింది నేనే మొదలు. అందుకే అందరూ కలిసి నాకు 'చదువుకున్నోడి పని' అని ఒకటి అప్పజెప్పిండ్రు. అదే ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడుడు.

బాపును వెంటబెట్టుకొని మూడు ఆదివారాలు తిరిగిన. బోడుప్పల్ చూసినం, ఉప్పల్ రింగ్ రోడ్డు చూసినం, నాచారం పోయినం. ఒకాయన లక్షా పది వేలు అన్నడు. డ్రోన్, ఎల్ఈడీ స్క్రీన్, ప్రీ వెడ్డింగ్ షూట్, రెండు ఆల్బమ్‌లు అన్నీ అండ్లనే. ఇంకొకాయన నలభై ఐదు వేలకే చేస్త అన్నడు. మీరే వస్తరా అంటే 'మా పిల్లలు వస్తరు' అన్నడు. నాచారంలో ఒక స్టూడియో అతను పెద్ద టీవీలో ఒక పెండ్లి వేసి చూపెట్టిండు. పొలం మీద డ్రోన్ తిరుగుడు, పిల్లగాడు బుల్లెట్ మీదికెళ్లి దిగుడు, పిల్ల వెనక్కి తిరిగి నవ్వుడు. మస్తుగుంది. బాపు మొత్తం చూసి ఒక్కటే అడిగిండు: "ఇండ్ల ముసలోళ్లు లేరా?"

అతను నవ్వి "ఇది హైలైట్స్ గదా అంకుల్" అన్నడు.

బాపు ఎందుకు అట్ల అడిగిండో నాకు తెలుసు. మా దాది, అంటే బాపు వాళ్ల అమ్మ, 2019లో పోయింది. దశదినానికి ఫొటో పెట్టాలంటే ఇంట్లో ఒక్కటి దొరకలే. చివరికి ఓటరు కార్డు మీదున్న ఫొటోని స్టూడియోలో పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టించినం. ఇప్పటికీ గోడ మీద అదే ఉన్నది. ముఖం మసకమసకగా, కండ్లు పెద్దగా తెరిచి, ఎవరో గదిరిచ్చినట్టు ఉంటది. మా దాది అట్ల ఉండేది కాదు. నవ్వేది, మస్తు పాడేది.

ఆమె పాడింది 2011లో మా కాకా పెండ్లిల వీడియో తీసిండ్రు. మా గోర్ బోలిలో ఢావలో అంటం. పెండ్లిపిల్ల పుట్టినిల్లు ఇడిసిపోయేటప్పుడు ఒక్కొక్కరి మెడ పట్టుకొని ఏడుస్తా పాడేది. పిల్లకు రాకపోతే పెద్దవాళ్లు అందిస్తరు. దాది ఆ రోజు మా కాకీకి అందించింది. డీవీడీలో దాది పెదవులు కదులుతుంటయి, గొంతు మాత్రం ఉండదు. దాని మీద మిక్సింగ్ చేసినాయన సినిమా పాట వేసిండు.

నా సబ్జెక్టులో హిస్టరీ ఉంది. అందుకని లైబ్రరీలో కూర్చొని ఒక చిన్న ప్రశ్న పట్టుకున్న. మన దగ్గర ఫొటోలు ఎవరు తీసిండ్రు అన్నది కాదు, ఎవరు తీయమంటే తీసిండ్రు అన్నది. చదివింది మీకు చెప్త, చివరికి మళ్లీ పెండ్లి కాడికే వస్త.

ఫొటో తీసే పద్ధతిని లోకానికి ప్రకటించింది 1839లో, పారిస్‌లో. తర్వాత కొన్నేండ్లకే మన దేశానికి వచ్చింది. మన హైదరాబాద్‌లో ఫొటో అంటే ముందు చెప్పాల్సిన పేరు లాలా దీన్ దయాళ్. మీరట్ దగ్గర సర్ధానాలో 1844లో పుట్టిండు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో సర్కారు కొలువు చేస్తా ఫొటోగ్రఫీ నేర్చుకున్నడు. 1880లలో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయిండు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిండు. నిజాం ఆయనకు 'రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్' అని బిరుదు ఇచ్చిండు. ముసవ్విర్ అంటే బొమ్మ గీసేవాడు.

ఇందులో నాకు బాగా పట్టింది 1892 ముచ్చట. ఆ ఏడు దీన్ దయాళ్ హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం వేరే స్టూడియో తెరిచిండు. దాన్ని జనానా స్టూడియో అన్నరు. పరదాలో ఉండే నవాబుల ఇండ్ల ఆడవాళ్లు మగ ఫొటోగ్రాఫర్ ముందు కూర్చోరు. అందుకే ఒక ఇంగ్లీషు ఆమెను పెట్టి నడిపించిండు. లోపల మగవాళ్లకు పని లేదు. పైసలున్న ఇండ్లు షరతు పెట్టినయి, కెమెరా ఆ షరతుకు ఒప్పుకుంది. ఎవరు తీయాలె, ఎవరు చూడాలె అన్నది వాళ్లే చెప్పిండ్రు. దీన్ దయాళ్ గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నయి.

అదే కాలంలో మన దిక్కు తిరిగిన కెమెరా సంగతి చూడండి. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్లకు ఈ దేశంలో ఎవరెవరు ఉన్నరో లెక్క కావాల్సి వచ్చింది. 1868 నుంచి 1875 దాకా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు వేసిండ్రు. మనుషులను నిలబెట్టి, కూర్చోబెట్టి ఫొటో తీసి, కింద కులం పేరో జాతి పేరో రాసి, వీళ్లు ఇట్లాంటోళ్లు అని గుణాలు రాసిండ్రు. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చిండ్రు. పుట్టుకతోనే నేరస్తులు అని ముద్ర వేసి, పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించి, ఊరు దాటాలంటే చెప్పిపోవాలె అన్నరు. స్టువర్టుపురంలో ఎరుకలోళ్ల తాతలు ఆ బాధ పడ్డరు, మద్రాసు ప్రెసిడెన్సీలో మా లంబాడోళ్లు కూడా పడ్డరు. ఆ చట్టం రద్దయింది 1952లో.

1909లో ఎడ్గర్ థర్స్టన్ పుస్తకం వచ్చింది, 'క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా', ఏడు సంపుటాలు. ఆయన మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్. కె. రంగాచారి ఆయనకు తోడు. కోయ, లంబాడీ రెండూ నాలుగో సంపుటంలో ఉన్నయి. థర్స్టన్ ఫొటో తీసుడుతో ఆగలే. తలకాయ పొడుగెంత, ముక్కు వెడల్పెంత అని పరికరం పెట్టి కొలిచిండు. మన నిజాం రాజ్యం మీద సయ్యద్ సిరాజుల్ హసన్ రాసిన ఇట్లాంటి పుస్తకమే 1920లో వచ్చింది. ఈ పుస్తకాలతోని మనకు ఉపయోగం లేదని నేననను. మన పాత పెండ్లి పద్ధతులు, నగలు, గోత్రాలు వెతకాలంటే ఇప్పటికీ వాటినే తిరగేస్తం. కానీ ఫొటో కిందికి చూపు పోనిస్తే మనిషి పేరు దొరకడం కష్టం. జాతి పేరు ఉంటది. ఆమె ఎవరి బిడ్డ, ఏ తండా, ఆ రోజు ఫొటోకి ఇష్టపడే నిలబడ్డదా అన్నది ఉండదు.

ఆదిలాబాద్ తమ్ముళ్లు ఇక్కడ హైమన్‌డార్ఫ్ పేరు ఎత్తుతరని నాకు తెలుసు. కరెక్టే, ఆయన ముచ్చట కొంచెం వేరే. ఆస్ట్రియా మనిషి కాబట్టి రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లకు శత్రుదేశం మనిషి కింద లెక్క. హైదరాబాద్ రాజ్యంలోనే ఉండాలె అన్నరు. ఆ రోజుల్లో చెంచులతో, కొండరెడ్లతో, గోండులతో కలిసి ఉండి పుస్తకాలు రాసిండు. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజ్‌గోండుల మీద 1948లో వచ్చినయి. మార్లవాయిలో గుడిసె వేసుకొని భార్య బెట్టీతో కలిసి ఉన్నడు. అప్పుడప్పుడు వచ్చిపోయినోడు తీసిన ఫొటో వేరు, ఊర్లో ఉండి తీసిన ఫొటో వేరు. పొయ్యి కాడ, పండుగ కాడ, డోలు కాడ మనుషులు మనుషుల్లెక్కనే ఉన్నరు. అయినా అవన్నీ ఇప్పుడున్నది లండన్‌లో, సోయాస్ అనే విశ్వవిద్యాలయం దగ్గర. ఆన్‌లైన్‌లో పెట్టిండ్రు కాబట్టి మార్లవాయి పిల్లగాడు ఫోన్‌లో తన ముత్తాతను వెతుక్కోవచ్చు. అది మంచిదే. కానీ ముత్తాత ఇంట్లో ఆ ఫొటో లేదు.

స్వతంత్రం వచ్చినంక కూడా మన పెద్దలు చాలామందికి మొదటి ఫొటో సర్కారు తీసిందే. ఫొటో ఉన్న ఓటరు కార్డు ఇయ్యాలని ఎన్నికల కమిషన్ 1993లో చెప్పింది. దేశంలో మొట్టమొదటి ఆధార్ కార్డులు 2010 సెప్టెంబర్ 29న మహారాష్ట్ర నందుర్‌బార్ జిల్లా టెంభ్లీలో ఇచ్చిండ్రు. అది ఆదివాసీల ఊరే. కార్డు ఉంటేనే రేషన్, పింఛన్ కాబట్టి దాని అవసరం కాదనను. కానీ ఆ ఫొటో మనం ఎట్ల ఉంటమో చూపెట్టడానికి తీసింది కాదు, మనం మనమే అని రుజువు చేయడానికి తీసింది. మా దాది గోడ మీద అట్ల ఎందుకున్నదో నాకు ఇది చదివినంకనే సమజైంది.

ఇగ ఇప్పుడు పెండ్లి ఫొటోగ్రాఫర్ దగ్గరికి వద్దాం. ఈ మొత్తం చరిత్రలో మన ఇంటోళ్లు తమ జేబులకెళ్లి పైసలు తీసి, 'రా, మాకు ఫొటో తీయి' అని పిలిచిన మొదటి కెమెరా పెండ్లిదే. జాతర కాడ పరదా ముందు నిలబడి దిగినోళ్లు ఉన్నరు, అది ఒక్క ఫొటో. ఇంటికి పిలిపించుకున్నది మాత్రం పెండ్లికే. అందుకే దీన్ని చిన్న ముచ్చట అనుకోవద్దు అంటున్న.

పిలిచినం కానీ, చెప్పుడు మనకు రాలే. రీలు కాలం నుంచి చూడండి. పాత యాషికా డబ్బా కెమెరాలో, ఆగ్ఫా క్లిక్‌లో 120 రీలు వేస్తే పన్నెండు చదరపు ఫొటోలు వస్తయి. చిన్న రీలైతే ముప్పై ఆరు. ఫిల్మ్ పిరం. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అని సర్కారు కంపెనీ 'ఇందు' పేరుతో ఫిల్మ్ చేసేది, అయినా రీలు కొనుడు అంటే కూలి చేసుకునేటోళ్లకు లెక్క చూసుకునే ఖర్చే. ముప్పై ఆరు ఫొటోల్లో ఎవరు పడాలె అన్నది అక్కడనే తేలిపోతది. మా యాడి, బాపు పెండ్లికి దేవరకొండ నుంచి ఒకాయనను ఒక్క రీలుకు మాట్లాడిండ్రు. ఆల్బమ్‌లో ముప్పై ఒకటి ఉన్నయి, మిగిలినయి పోయినయంట. కూర్చొని లెక్కపెట్టిన. పందొమ్మిది ఫొటోల్లో చదివింపులు ఇచ్చేటోళ్లే. సర్పంచ్ ఉన్నడు, షావుకారి ఉన్నడు, ఆయనెవరో ఇప్పుడు ఎవరికీ యాదిలేని ఒక కళ్లద్దాల మనిషి మూడింటిలో ఉన్నడు. దాది ఒక్కదాంట్ల లేదు. ఎక్కడున్నవే అని బతికున్నప్పుడు అడిగిన. "అన్నం కాడ ఉన్న" అన్నది.

వీడియో వచ్చినంక మూడు గంటల క్యాసెట్ పట్టింది కాబట్టి అందరూ పడ్డరు. కానీ అప్పుడు మిక్సింగ్ వచ్చింది. గుండె ఆకారంలో ఫొటోలు తిరుగుడు, పూలు రాలుడు, వెనక సినిమా పాట. మా నాచారంలో ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ స్టూడియో ఉన్నది, సినిమా అంటే మనకు దూరం కాదు. ఎవరికైనా తమ పెండ్లి సినిమా లెక్క కనపడాలని ఉంటది, దాంట్ల తప్పు లేదు. అయితే సినిమా పాట ఎక్కడైనా దొరుకుతది. దాది పాట ఆ క్యాసెట్‌లో తప్ప ఎక్కడ దొరకది.

2008 తర్వాత ఫొటో తీసే కెమెరాతోనే మంచి వీడియో తీసుడు మొదలైంది, దాని వెంబడి క్యాండిడ్, సినిమాటిక్ అన్నీ వచ్చినయి. ఇప్పుడు రీలు లెక్క లేదు, ఒక్క పెండ్లికి వేల ఫొటోలు తీస్తరు. మరి ముసలోళ్లు ఎందుకు కనపడరు? ఇప్పుడు ఏరుడు ఎడిటింగ్ కాడ జరుగుతది. మూడు నిమిషాల హైలైట్స్‌లో అందంగా ఉన్నోళ్లే మిగులుతరు. ఇంకో ముచ్చట చెప్త. ఒక స్టూడియోలో మా వాళ్లం లంబాడోళ్లం అని తెలువంగనే 'ట్రైబల్ లుక్ షూట్ చేద్దాం తమ్మీ, డ్రెస్ కిరాయికి దొరుకుతది' అన్నడు. ఫేట్యా, కాంచళి కిరాయికి తెచ్చుకొని అక్క నిలబడాలె అంట. మా నాని దగ్గర సొంతంగ కుట్టుకున్నది, అద్దాలతోని, ఇప్పటికీ పెట్టెలో ఉన్నది. దాని గురించి అడగలే. థర్స్టన్ పుస్తకం యాదికొచ్చింది నాకు.

అందుకే ఈసారి షరతులు రాసుకొని పోయినం. మీకు పనికొస్తయని పెడుతున్న.

మొదటిది, హైలైట్స్ కాదు, ఒక పెండ్లి ఆల్బమ్ మొదలు నుంచి చివరి దాకా చూపెట్టమనాలె. బంధువుల ఫొటోల్లో వెలుతురు ఎట్లున్నది, ముసలోళ్ల ముఖాలు సక్కగ వచ్చినయా అన్నది అండ్లనే తెలుస్తది.

రెండోది, ఆ రోజు కెమెరా పట్టేది ఎవరు? మంచి ముహూర్తం ఉన్న రోజు ఒకే స్టూడియో నాలుగు పెండ్లిళ్లు ఒప్పుకొని, బయటోళ్లను పంపిస్తది. వచ్చే మనిషిని ముందే చూడాలె, మాట్లాడాలె. పెండ్లిపిల్ల తయారయ్యే గదిలోకి ఆడ ఫొటోగ్రాఫర్ కావాలంటే అడగండి. 1892లో నవాబుల ఇండ్లు అడిగినయి, మనం అడిగితే తప్పేంది?

మూడోది, ముఖం తెల్లగ చేయొద్దు. ఇది గట్టిగ చెప్పాలె, చెప్పకపోతే వాళ్లంతట వాళ్లే చేస్తరు. మా కాకీ ఆల్బమ్‌లో కాకీ చెయ్యి ఒక రంగు, ముఖం ఒక రంగు ఉంటది. ఒకప్పుడు మన రంగు, మన ముక్కు కొలిచి పుస్తకంలో రాసిండ్రు. ఇప్పుడు మనమే పైసలిచ్చి దాన్ని తుడిపించుకోవద్దు.

నాలుగోది, పాట. ఢావలో పాడేటప్పుడు, రోకళ్ల చుట్టూ ఫేరాలు తిరిగేటప్పుడు ఆడవాళ్లు పాడేటప్పుడు అసలు సౌండ్ మొత్తం ఉండాలె. డీజే ఆ సేపు బంద్. దగ్గర ఒక మైక్ పెట్టమనాలె. గోండు అన్నలకైతే డోలు, పెప్రె, కోయ అక్కలకైతే రేల పాట, ఎవరిది వాళ్లు చెప్పుకోండి.

ఐదోది, తీసినయన్నీ హార్డ్ డిస్క్‌లో మనకు ఇయ్యాలె. ఆల్బమ్ ఎన్ని షీట్లు, ఎన్ని రోజుల్లో ఇస్తరు, అడ్వాన్స్ ఎంత అన్నది కాగితం మీద రాయించుకొని, కొంత పైసలు ఆల్బమ్ చేతికొచ్చినంకనే ఇయ్యాలె. హార్డ్ డిస్క్ కూడా చెడిపోతది, కాబట్టి ఇంకో కాపీ వేరే ఇంట్లో పెట్టండి.

ఆరోది, హక్కు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17లో ఒక మాట ఉన్నది. పైసలిచ్చి మనం తీయమంటే తీసిన ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని తీయించుకున్న మనిషే. 'వేరే ఒప్పందం లేకపోతే' అన్నది చూడండి. స్టూడియో బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ఏమున్నదో చదివి సంతకం పెట్టాలె. మన పిల్ల ఏడుస్తున్న వీడియో వాళ్ల పేజీలో పెట్టుకోవాలంటే మనల్ని అడగాలె.

ఇవన్నీ చెప్పంగనే ఇద్దరు 'మాకు కుదరదు' అన్నరు. బోడుప్పల్‌లో చిన్న షాపు ఒకటున్నది, ఆయనకు నలభై దాటినయి, రీలు కాలం నుంచి ఉన్నడు. కాకా పెండ్లి డీవీడీ వేసి చూపెట్టిన. దాది వచ్చిన కాడ ఆయనే ఆపిండు. "ఈ పెద్దమ్మ పాడుతున్నది గదా, సౌండ్ ఎవరు తీసేసిండ్రు?" అన్నడు. అసలు టేపు దొరుకుతదా అని అడిగిన. ఆయన కొంచెం సేపు మాట్లాడలే. "దొరకది తమ్మీ. అప్పట్ల ఆల్బమ్ ఇచ్చినంక ఆ టేపు మీదనే ఇంకో పెండ్లి తీసేటోళ్లం. నేనూ అట్లనే చేసిన" అన్నడు.

ఇంటికొచ్చేటప్పుడు బాపు బస్సులో ఏం మాట్లాడలే. చెంగిచెర్ల డిపో కాడ దిగినంక "ఆయననే మాట్లాడు" అన్నడు. అరవై వేలకు ఒప్పుకున్నడు. డ్రోన్ లేదు. అక్క కొంచెం అలిగింది, డ్రోన్ ఉంటే బాగుండు అన్నది. అక్క పెండ్లి కాబట్టి అక్క మాట కూడా నెగ్గాలె, గంట సేపు డ్రోన్‌కు వేరే మాట్లాడినం.

నిన్న తండాకు పోయి వచ్చిన. ఢావలో మొత్తం వచ్చినోళ్లు మా తండాలో ఇప్పుడు ఎంతమంది ఉన్నరని యాడితో కలిసి ఇల్లిల్లు అడిగిన. ఐదుగురు. అందులో ఒకామెకు చెవులు వినపడవు, కానీ పాట మర్చిపోలే. వాళ్ల ఐదుగురి పేర్లు, ఎవరి భార్య అని కాకుండ వాళ్ల సొంత పేర్లు, నోట్‌బుక్‌లో రాసుకున్న. పెండ్లి రోజు మా చిన్న తమ్ముడు ఆ కాగితం పట్టుకొని ఫొటోగ్రాఫర్ పక్కనే తిరగాలె, వాళ్లను చూపెట్టాలె. అది వాడి డ్యూటీ.

మీరు ఈ సెలవులకు ఇండ్లకు పోయినప్పుడు ఒక్క పని చేయండి. ట్రంకు పెట్టెలో ఉన్న పెండ్లి ఆల్బమ్ బయటికి తీయండి. పెద్దవాళ్ల పక్కన కూర్చొని ఒక్కొక్క ఫొటోలో ఎవరెవరున్నరో అడిగి, వెనక మెత్తగా పెన్సిల్‌తో పేర్లు రాయండి. మా ఆల్బమ్‌లో ఆ కళ్లద్దాల మనిషి ఎవరో చెప్పేటోళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. మీ ఇంట్లో చెప్పేటోళ్లు ఉన్నరు కావచ్చు.